గుర్రాల ట్రైలర్‌పై పురుగుల మరకలు: యాసిడ్ వాడవచ్చా?

గుర్రపుడెక్క, ఒకాలా:
మే నెలలో ఫ్లోరిడా రోడ్ల మీద లవ్ బగ్‌ల బెడద ఎంతటిదో ఇక్కడి వారికి తెలుసు. జంటలు జంటలుగా ఎగురుతూ వచ్చి వాహనాలకు కొట్టుకుని చస్తాయి. మాది రంగు వేయని అల్యూమినియం ట్రైలర్. ఐ-75 హైవే మీద వెళ్లి వచ్చేసరికి ముందు భాగం నల్లగా అట్టకట్టింది. సబ్బు నీళ్లతో రుద్దితే సగం పోయి సగం మిగులుతోంది. ట్రక్కులు కడిగేచోట అల్యూమినియం బ్రైట్‌నర్ (లోహాన్ని మెరిపించే యాసిడ్ ద్రావణం) చల్లితే నిమిషాల్లో పోతుందంటున్నారు. చేయించవచ్చా?

రహదారి:
నిరభ్యంతరంగా చేయించండి. పాడవడానికి దాని మీద రంగే లేదు కదా! గంటలకొద్దీ రుద్దితే పడే గీతలే ఎక్కువ హాని.

లోహకారుడు, టాంపా:
రహదారి గారూ, రంగు లేదు కాబట్టి పాడయ్యేదేమీ లేదన్న మాటతోనే నాకు పేచీ. అల్యూమినియానికి రక్ష దాని మీద సహజంగా ఏర్పడే పలుచని ఆక్సైడ్ పొర. పీహెచ్ (పులుపు, క్షారాల కొలత; అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) సుమారు 4 నుంచి 9 వరకు అది నిలబడుతుంది. అంతకు మించిన పులుపు తగిలినా, క్షారం తగిలినా కరిగిపోతుంది. అల్యూమినియం గిన్నెలో చింతపండు పులుసు నిల్వ ఉంచవద్దని మన ఇళ్లలో చెప్పేది ఇందుకే. బ్రైట్‌నర్ మురికిని మాత్రమే కడగదు, మురికి పట్టిన పై పొరను కూడా తినేస్తుంది. ఆ తళతళ అక్కడి నుంచి వచ్చిందే. ఎండకు కాలిన రేకు మీద ఆరిపోయిందా, తెల్లటి చారలు పడతాయి. వాటిని పోగొట్టాలంటే పాలిష్ పట్టించాల్సిందే.

అంతకన్నా పెద్ద భయం మరొకటి ఉంది. ఇలాంటి చాలా ద్రావణాల్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గానీ, దాన్ని పుట్టించే లవణాలు గానీ ఉంటాయి. పలుచటిది చర్మం మీద పడితే వెంటనే మంట తెలియకపోవచ్చు. లోపలికి ఇంకి, గంటల తర్వాత నొప్పి మొదలవుతుంది, ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తుంది. అద్దాన్నీ మసకబారుస్తుంది. గుర్రాల ట్రైలర్‌కు కిటికీలు ఎన్ని ఉంటాయో మీకు తెలుసు. వాటి అంచుల్లో, రివెట్ల చుట్టూ చుక్క కూడా మిగలదని ఎవరు పూచీ పడతారు? గుర్రం మూతి పెట్టేది, నాకేది అక్కడే.

టాంపావాసి:
బట్టల డ్రైయర్‌లో వేసే షీటు తడిపి రుద్దండి. ఇక్కడ అందరూ చేసేది అదే, చక్కగా వదులుతాయి.

లోహకారుడు, టాంపా:
వదులుతాయి, కాదనను. ఆ షీటుకు పూసిన మెత్తదనపు మందు మరకను జారేలా చేస్తుంది. కానీ గట్టిగా రుద్దితే రంగు వేసిన ట్రైలర్ల పై పూతకు సన్నని గీతలు పడతాయి, అల్యూమినియం మీద జిడ్డు పొర మిగులుతుంది. ఇనుప పీచు మాత్రం అసలు తాకనివ్వకండి. దాని తునకలు రేకులో దిగబడి తుప్పు మచ్చలవుతాయి.

గుర్రపుడెక్క గారూ, సబ్బు పనిచేయలేదంటే మరక నానలేదని అర్థం. పాత తువ్వాళ్లను గోరువెచ్చని సబ్బు నీళ్లలో ముంచి ట్రైలర్ ముక్కు మీద పరచండి. నీడలో ఇరవై నిమిషాలు ఉంచి, ఆరకుండా మధ్యలో తడపండి. తర్వాత మైక్రోఫైబర్ గుడ్డతో పైనుంచి కిందికి తుడవండి. రాళ్లు తగలకుండా అడుగున వేసిన గళ్ల రేకు సందుల్లో మెత్తటి బ్రష్ వాడండి. అసలు కీలకం ఆలస్యం చేయకపోవడం: చచ్చిన కొత్తలో ఈ పురుగు పీహెచ్ సుమారు 6.5. ఒక్క రోజు గడిస్తే 4.25కు దిగుతుంది, అంటే ఆక్సైడ్ పొర భరించగల అంచుకు చేరుతుంది.

రహదారి:
సరే, తాజా మరకలకు ఒప్పుకుంటాను. ఏడాదిగా పట్టిన వాటికి సబ్బు చాలదు.

లోహకారుడు, టాంపా:
అక్కడ మరక పోయి గుంటే మిగిలి ఉంటుంది. దానికి పాలిష్ మార్గం, యాసిడ్ కాదు.

గుర్రపుడెక్క, ఒకాలా:
తువ్వాళ్లు పరిచాను, చాలావరకు వదిలింది. వచ్చే సెప్టెంబరులో మళ్లీ ఈ పురుగులు లేస్తాయి కదా, అప్పటికి ముందు భాగానికి మైనం పట్టిస్తాను. అవి పగలే ఎగురుతాయి కాబట్టి తెల్లవారకముందే బయలుదేరదామనుకుంటున్నాం. గుర్రాలకూ ఎండ దెబ్బ తప్పుతుంది.