ఈసీజీ నార్మల్, ఎకో నార్మల్, కానీ గుండె పరుగు మాత్రం ఆగట్లేదు. ఇంకో డాక్టరుకు చూపించుకోవాలా?

కుట్టుమిషన్ (హన్మకొండ)

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు. కుమార్‌పల్లిలో ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, ఫాల్, పికో చేస్తాను. బీపీ లేదు, షుగర్ లేదు. పద్నాలుగు నెలల నుంచి ఒక బాధ పడుతున్నాను. దాని పేరేంటో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

మొదటిసారి కింద పడ్డ బాబిన్ తీసుకుందామని వంగి లేచాను. ఎవరో స్విచ్ వేసినట్టు టక్కున గుండె పరుగందుకుంది. మెట్లెక్కితే వచ్చే దడలాగా మెల్లగా పెరగడం కాదు, ఒక్క దెబ్బకే. మణికట్టు పట్టుకుని లెక్కపెడదామంటే లెక్కకు అందలేదు. భయమేసి అద్దం ముందు నిలబడ్డాను. మెడలో పొట్టి నల్లపూసల దండ సన్నగా అదురుతోంది. గొంతు కింద గుంటలో చర్మం ఎగిరెగిరి పడుతోంది. ఇరవై నిమిషాల తర్వాత, ఎలా మొదలైందో అలాగే టక్కున ఆగిపోయింది. ఒంట్లో సత్తువ మొత్తం పోయి చాప మీద పడుకుండిపోయాను. ఆ తర్వాత గంటలో నాలుగుసార్లు బాత్రూంకి వెళ్లాల్సి వచ్చింది. ఈ బాత్రూం సంగతి ఏ డాక్టరుకూ చెప్పలేదు. మగ డాక్టర్లు, సిగ్గనిపించింది. దానికీ గుండెకూ ఏం సంబంధం ఉంటుందిలే అనుకున్నాను.

అప్పటినుంచి వచ్చిన ప్రతిసారీ గోడ క్యాలెండర్ మీద ఆ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో గీస్తున్నాను. ఇప్పటికి తొమ్మిది. ఒకటి సద్దుల బతుకమ్మ నాడు, పద్మాక్షి గుట్ట దగ్గర. ఆడుతూ వంగి చప్పట్లు కొట్టి లేచాను, అంతే. పక్కన ఆడుతున్న వాళ్లకు తెలియకుండా బయటికొచ్చి ఒక బండ మీద కూర్చున్నాను. అమ్మాయి వచ్చి నీళ్లు తాగించింది. ఆ రోజు నలభై నిమిషాలు ఉంది.

మూడు చోట్ల చూపించుకున్నాను. మొదటాయన గ్యాస్ అని నెల రోజులకు మందులు రాశాడు. రెండో చోట, ఒక ప్రైవేటు దవాఖానలో, ఈసీజీ, టూడీ ఎకో, ట్రెడ్‌మిల్, థైరాయిడ్, రక్త పరీక్షలు అన్నీ చేశారు. ఒక రోజంతా గుండె కొట్టుకోవడాన్ని రికార్డు చేసే హోల్టర్ మిషన్ ఛాతీకి కట్టారు. ఆ రోజు గుండె ఎంత బుద్ధిగా ఉందో చెప్పలేను. అన్నీ నార్మల్. రక్తం 11.8 ఉంది. "నీకు టెన్షన్ ఎక్కువమ్మా" అని నిద్రమాత్రలు రాశారు. మూడో డాక్టర్ అదే ఫైలు తిరగేసి, రిపోర్టులన్నీ బాగున్నాయి కదా, ఇంకేం కావాలి అన్నాడు.

నాకు ఏం కావాలంటే, వచ్చేది ఏంటో తెలియాలి. టెన్షన్ అయితే పెళ్లిళ్ల సీజన్‌లో రావాలి కదా? మాఘమాసంలో రాత్రి రెండింటి దాకా కుట్టిన రోజుల్లో ఒక్కసారీ రాలేదు. ఇంట్లో కూడా అత్తమ్మ, మా ఆయన "మనసులో ఏదో పెట్టుకున్నావు" అంటున్నారు. నా మనసులో ఉన్నది ఈ గుండె ఒక్కటే. మా నాన్నకు 68వ ఏట స్టెంట్ వేశారు, అందుకని ఇంకా భయం.

పరీక్షలన్నీ బాగున్నా గుండెలో తేడా ఉండొచ్చా? నాలుగో డాక్టరు దగ్గరికి పోవడం తప్పా? పోతే ఎవరి దగ్గరికి పోవాలి?

జమ్మికుంట మాస్టారు

చెల్లె, నువ్వు రాసింది చదువుతుంటే నా కథే చదివినట్టుంది. నాకు డిగ్రీలో మొదలైంది. పదకొండేళ్లు అందరూ భయం అనే అన్నారు. టక్కున రావడం, టక్కున పోవడం, వంగి లేస్తే రావడం, మెడలో కొట్టుకోవడం, తర్వాత మూత్రానికి పరుగెత్తడం, అన్నీ నాకూ ఉండేవి. ఆ బాత్రూం సంగతి సిగ్గుపడే విషయం కాదు. గుండె అంత వేగంగా కొట్టుకుంటే పైగదులు సాగి ఒక హార్మోన్ విడుదలవుతుందట, దాంతో మూత్రం ఎక్కువ వస్తుందట. మా డాక్టర్ నన్ను తానుగా అడిగిన మొదటి ప్రశ్న అదే. నేను అవునన్నప్పుడు ఆయన పెన్ను పక్కన పెట్టి కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు.

నాకు తేలింది ఎస్‌వీటీ. గుండెలో కరెంటు పైగదుల నుంచి కింది గదులకు దిగే చోట కొందరికి రెండు దారులు ఉంటాయి. ఒకదాంట్లో దిగి ఇంకోదాంట్లో పైకెక్కి అక్కడక్కడే చుట్టూ తిరగడం మొదలుపెడితే గుండె నిమిషానికి 150 నుంచి 220 దాకా కొట్టుకుంటుంది. ఆ చుట్టు ఎక్కడైనా తెగితే ఆ క్షణమే మామూలవుతుంది. అందుకే రిపోర్టులన్నీ మంచిగ వస్తాయి. ఎకో చూసేది గోడలు, కవాటాలు. ట్రెడ్‌మిల్ ముఖ్యంగా వెతికేది నాళాల్లో అడ్డంకిని. మీ నాన్నగారి స్టెంట్ ఆ నాళాల సంగతి, ఇది వేరే.

నాది హుజూరాబాద్‌లో దొరికింది. దడ ఉండగానే వెళ్తే నర్సమ్మ ఈసీజీ తీసింది, 196. చేతి నరానికి ఒక ఇంజెక్షన్ ఇచ్చారు, అడినోసిన్. కొన్ని సెకన్లు ఛాతీ మీద బండ పెట్టినట్టు, మొహమంతా వేడెక్కినట్టు అయింది. పోతున్నాను అనుకున్నాను. అంతలో ఆగింది. ఎప్పుడైనా నీకిస్తే ఆ కొన్ని సెకన్లకు భయపడకు, అది మందు పనే.

తర్వాత హైదరాబాద్‌లో అబ్లేషన్ చేయించుకున్నాను. తొడ దగ్గర నరంలోంచి సన్నని వైర్లు పంపి, ఆ దడను వాళ్లే తెప్పించి, ఎక్కడ తిరుగుతోందో చూసి ఆ చోటును వేడితో కాలుస్తారు. అదే దడ టేబుల్ మీద మొదలైనప్పుడు నాకు ఏడుపొచ్చింది. నొప్పికి కాదు, పదకొండేళ్లకు నా మాట నిజమని ఒక మిషన్ మీద అందరికీ కనబడినందుకు. ఈ రకానికి నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. అసలు దారికి దెబ్బ తగిలి పేస్‌మేకర్ పెట్టాల్సి వచ్చే ప్రమాదం నూటికి ఒకరి లోపే అని ముందే చెప్పి సంతకం తీసుకున్నారు. మర్నాడు ఇంటికొచ్చాను.

నీది కూడా అదే అని నేను చెప్పలేను. నాలుగో డాక్టరు దగ్గరికి మాత్రం తప్పకుండా పో.

ఈసీజీ టెక్నీషియన్ (మంచిర్యాల)

అక్కా, పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. జబ్బు పేరు చెప్పడం నా పని కాదు, కాగితం గురించి మాత్రం చెప్తాను. మామూలు ఈసీజీలో పడేది పది సెకన్ల గుండె. నార్మల్ అంటే ఆ పది సెకన్లు నార్మల్ అని. హోల్టర్ ఒక రోజు కడితే ఒక రోజు సంగతే తెలుస్తుంది. మీకు తొమ్మిదిసార్లు వచ్చింది పద్నాలుగు నెలల్లో, ఆ ఒక్కరోజే రావాలని ఎక్కడుంది? రెండు వారాలు ఛాతీకి అంటించుకునే ప్యాచ్‌లు ఉన్నాయి, వచ్చినప్పుడు బటన్ నొక్కే ఈవెంట్ రికార్డర్లు ఉన్నాయి. వాటి గురించి అడగండి.

అన్నిటికంటే సులువైనది, దడ ఉండగానే ఈసీజీ తీయించుకోవడం. మీ ఇంటికి ఐదు నిమిషాల్లో ఈసీజీ మిషన్ ఎక్కడుందో, అది రాత్రి కూడా తెరిచి ఉంటుందో లేదో ఇప్పుడే వెళ్లి కనుక్కోండి. అక్కడి వాళ్లకు ముందే మీ మొహం తెలిసుండాలి. చీటీ రాయించుకుని బెంచీ మీద కూర్చుంటే ఈలోపు ఆగిపోతుంది. తీసిన కాగితానికి వెంటనే ఫోన్‌లో ఫోటో తీసుకోండి. అది వేడికి అచ్చయ్యే కాగితం, బీరువాలో ప్లాస్టిక్ కవర్‌లో పెడితే ఏడాది తిరిగేసరికి తెల్లబడిపోతుంది. అలా తెల్లబడ్డ కాగితాలు పట్టుకుని వచ్చి ఏడ్చిన వాళ్లను చూశాను.

అడగాల్సింది ఎలక్ట్రోఫిజియాలజిస్టును. గుండె డాక్టర్లలోనే కరెంటు చూసేవాళ్లు. "నాకు దడ" అని ఒక్క ముక్కలో చెప్పకండి. ఎలా మొదలైంది, ఎలా ఆగింది, ఎంతసేపు ఉంది, ఇక్కడ రాసినట్టే చెప్పండి.

ఇంకొకటి ముఖ్యం. కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీనొప్పి, చెమటలు, ఊపిరాడకపోవడం ఉన్నా ఈసీజీ కోసం ఆటోలో తిరగొద్దు, 108కి ఫోన్ చేయాలి. మీ ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవాళ్లు ఎవరైనా ఉంటే డాక్టర్ అడగకపోయినా చెప్పాలి.

పరకాల కోడలు

నాకూ దడ వచ్చేది అక్కా, కానీ మీలాగా కాదు. మెల్లగా పెరిగి మెల్లగా తగ్గేది, నీళ్ల బిందె ఎత్తినా, రెండు మెట్లెక్కినా వచ్చేది. రక్తం 7.2 ఉంది. నెలసరి ఎక్కువ అవుతుంటే పట్టించుకోలేదు. ఐరన్ వాడాక మూడు నెలల్లో పోయింది. చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. మీకు 11.8 అంటే కొంచెం తక్కువే, దాన్ని కూడా వదిలేయకండి. జలుబు మాత్రలు వేసుకున్నా కొందరికి దడ పెరుగుతుందట.

కరీంనగర్ అన్న

ఒక్క మాట. నాకు నిజంగానే ఆంజైటీ. ఏడాది మందులు వాడాను, ఇప్పుడు బాగున్నాను. అందుకని టెన్షన్ అన్న డాక్టర్ ప్రతిసారీ తప్పు అనుకోవద్దు. కానీ గుండెను సరిగ్గా చూశాక ఆ మాట అనాలి, చూడకుండా కాదు. నాకు ముందు భయం వచ్చేది, తర్వాత దడ. మీకు ముందు దడ, తర్వాత భయం. ఈ వరుస కూడా డాక్టరుకు చెప్పండి.

కుట్టుమిషన్ (హన్మకొండ)

అందరికీ దండాలు. మాస్టారు అన్నా, మీరు రాసింది మా ఆయనకు చదివి వినిపించాను. మొత్తం విన్నాక, "ఈసారి వస్తే నన్ను లేపు, ఎంత రాత్రయినా" అన్నాడు.

దడ వచ్చినప్పుడు ఇంట్లో ఏమైనా చేయొచ్చా? ఒకరు మెడ నరం నొక్కమన్నారు.

ఈసీజీ టెక్నీషియన్ (మంచిర్యాల)

మెడ మీరు నొక్కొద్దక్కా, అది డాక్టర్ పని. మా దగ్గర డ్యూటీ డాక్టర్లు ఇంకోటి చేయిస్తారు. వెనక్కి ఆనుకుని కూర్చోబెట్టి, ఖాళీ 10 ఎంఎల్ సిరంజి నోట్లో పెట్టి, లోపలి పిడి కొంచెం కదిలేంత గట్టిగా 15 సెకన్లు ఊదమంటారు. వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు రెండూ ఏటవాలుగా పైకెత్తి ఇంకో 15 సెకన్లు పట్టుకుంటారు. 2015లో ఇంగ్లండ్‌లో దీన్ని పరీక్షించి చూశారు. ఉత్త ఊదుడుతో నూటికి 17 మందికి ఆగితే, కాళ్లెత్తే పద్ధతితో 43 మందికి ఆగింది. మీకు చేయొచ్చో లేదో డాక్టర్ చూసి చెప్పాక నేర్చుకోండి. ముందైతే ఈసీజీ పడాలి, అప్పటిదాకా దాన్ని ఆపే తొందర వద్దు.

కుట్టుమిషన్ (హన్మకొండ)

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. మొన్న శుక్రవారం రాత్రి పదకొండింటికి వచ్చింది, పదోది. పరుపు కింద దుప్పటి సర్ది లేచాను, అంతే. మా ఆయన బండి తీశాడు. చౌరస్తా దాటి దవాఖాన చేరి, మంచమెక్కి, అక్కడి ఈసీజీ అమ్మాయి చేతులకు క్లిప్పులు పెడుతుండగానే ఆగిపోయింది. కాగితం మీద 92, నార్మల్. ఆ మంచం మీదే ఏడ్చేశాను.

కానీ బయల్దేరే ముందు మా పాప ఒక పని చేసింది. ఇంటర్ సెకండియర్ చదువుతోంది. కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటర్ ఎక్కడో అరలో ఉంటే తీసి, బ్యాటరీ వేసి నా వేలికి పెట్టి ఫోన్‌లో వీడియో తీసింది. నాడి అంకె 186, 187, 186 అని నిమిషంన్నర పాటు కనిపిస్తోంది. వెనక నా మెడ, నల్లపూసలు అదరడం కూడా పడింది.

సోమవారం ఇంకో గుండె డాక్టరు దగ్గరికి ఆ వీడియో, క్యాలెండర్ రెండూ పట్టుకుని పోయాను. ఆవిడ వీడియో రెండుసార్లు చూసింది. భయంతో దడ పుడితే అంకె ఎక్కుతూ దిగుతూ ఉంటుందమ్మా, ఇలా ఒకేచోట అతుక్కుని ఉండదు అంది. తర్వాత, మీరు చెప్పినట్టే, "బాత్రూంకి ఎక్కువసార్లు వెళ్తావా?" అని అడిగింది. ఎస్‌వీటీ కావచ్చు, ఈపీ స్టడీ, అంటే వైర్లు పంపి గుండెలో కరెంటు దారులు చూసే పరీక్ష, చేస్తే తేలుతుంది అని హైదరాబాద్‌కు చీటీ రాసింది. సిరంజి ఊదుడు దగ్గరుండి నేర్పింది, మా ఆయనకు కాళ్లెత్తడం నేర్పింది. నిద్రమాత్రలు ఆపొచ్చా అని అడిగితే, రోజూ వేసుకుంటున్నావు కదా, ఒకేసారి ఆపకు, ఇలా తగ్గించు అని రాసిచ్చింది.

వచ్చే మంగళవారం కాజీపేటలో పొద్దున రైలెక్కుతున్నాం. మాస్టారు అన్నా, ఆరోగ్యశ్రీ సంగతి మీకేమైనా తెలుసా?

జమ్మికుంట మాస్టారు

చాలా సంతోషం చెల్లె. పాపకు నా ఆశీస్సులు చెప్పు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు, కానీ నీ చికిత్స ఆ దవాఖానలో దాని కింద చేస్తారా అనేది అక్కడ ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్రనే అడగాలి. ఓపీ చీటీ రాయించుకోకముందే ఆ కౌంటర్ దగ్గరికి పో. రేషన్ కార్డు, ఆధార్, రెండేసి జిరాక్సులు పెట్టుకో. పాత ఈసీజీలు కూడా తీసుకుపో, నార్మల్‌వే కదా అని ఇంట్లో వదలొద్దు, వాటిలోనూ వాళ్లు వెతికేది ఉంటుంది. వీడియో పాప ఫోన్‌లోనే ఉంచకుండా మీ ఇద్దరి ఫోన్లలోకీ పంపించుకోండి.

కుట్టుమిషన్ (హన్మకొండ)

పంపించుకున్నాం అన్నా. క్యాలెండర్ గోడ మీది నుంచి తీసి చుట్టి సంచిలో పెట్టాను.