మోకాలి నొప్పి ఉన్న నాన్నగారితో గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమకి ఎటు నుంచి నడవాలి?

అందరికీ నమస్కారం. జులై మొదటి వారంలో అమ్మానాన్నలు స్విట్జర్లాండ్‌లో మా దగ్గరికి వస్తున్నారు. నాన్నగారు రిటైరైన సోషల్ మాస్టారు. 1800లో నెపోలియన్ సైన్యంతో ఆల్ప్స్ దాటిన దారిని బోర్డు మీద సుద్దముక్కతో గీసి చెప్పేవారు. ఆ కనుమ మీద (2,469 మీటర్లు), దాదాపు వెయ్యేళ్ళ నాటి సన్యాసుల సత్రం ముందు ఆయన్ని నిలబెట్టాలని నా కోరిక.

బస్సులో నేరుగా వెళ్ళొచ్చు, కానీ ఆయన నడుస్తానంటున్నారు. ఫెరే ఊరి నుంచి ఫెనెత్ర్ సరస్సుల మీదుగా 2,698 మీటర్ల ఫెనెత్ర్ ద ఫెరే అనే మరో కనుమ ఎక్కి, ఇటలీ వైపు కాస్త దిగి గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ చేరాలి. అంటే దాదాపు వెయ్యి మీటర్ల ఎక్కుడు.

ఆయనకి 64 ఏళ్ళు. పోయినేడాది అలిపిరి మెట్లు ఆగి ఆగి ఎక్కేశారు. దిగేటప్పుడే ఎడమ మోకాలు పట్టేస్తుంది, గోడ పట్టుకుని పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగుతారు. అందుకే కనుమ నుంచి ఫెరేకి దిగడం కన్నా ఇలా ఎక్కడమే నయమనిపిస్తోంది. నిజమేనా?

జులై మొదట్లో వెళ్ళినవాళ్ళు చెప్పండి: సరస్సుల పైన మంచు ఇంకా ఉంటుందా? చేతికర్రలు చాలా? ఓపిక అయిపోతే సరస్సుల దగ్గర్నుంచే వెనక్కి రావడం మేలా? అమ్మ బస్సులో వచ్చి పైన ఎదురుచూస్తుంది, ఆలస్యమైతే ఆవిడకి టెన్షన్. మధ్యలో ఫోన్ సిగ్నల్ అందుతుందా?