కోడలికి అత్తింటి కులం వస్తదా? (ఎస్సీ మహిళ సర్పంచ్ సీటు)

పాలమూరు పోరడు: అన్నలూ, జర చెప్పుండ్రి. మా ఊరి సర్పంచ్ ఎస్సీ మహిళకు రిజర్వయింది. మేం ఎస్సీలం. వదినె పుట్టుక బీసీ, మా అన్నతోని లవ్ మ్యారేజ్. పెద్దమనుషులేమో "ఇంటికొచ్చిన కోడలిది మన కులమే గదా, నామినేషన్ ఎయ్యుండ్రి" అంటున్నరు. ఎయ్యొచ్చా?

బార్‌రూమ్ బాబాయ్: వద్దు తమ్ముడూ. తాళి కడితే కులం మారదు. వల్సమ్మ పాల్ కేసులో 1996లోనే సుప్రీంకోర్టు ఈ మాట తేల్చేసింది. 2018 నాటి సునీతా సింగ్ కేసు ఇంకా దగ్గరగా ఉంటుంది. అగర్వాల్ ఇంట పుట్టిన ఆవిడ ఎస్సీ అబ్బాయిని పెళ్లాడి, 1991లో ఎస్సీ సర్టిఫికెట్ తీసుకుని, కేంద్రీయ విద్యాలయంలో టీచరయ్యారు. ఇరవై ఏళ్లు దాటాక సర్టిఫికెట్ రద్దయింది. కోర్టు జాలిపడి తొలగింపును నిర్బంధ పదవీ విరమణగా మార్చిందే తప్ప, కులం మాత్రం ఇవ్వలేదు.

పాలమూరు పోరడు: మరి ఎవలన్న సర్టిఫికెట్ ఇప్పిస్తే?

బార్‌రూమ్ బాబాయ్: స్క్రూటినీలో (నామినేషన్ల పరిశీలనలో) గట్టెక్కొచ్చు. గెలిచాక ఎవరో ఒకరు కలెక్టర్‌కు అర్జీ పెడతారు. 1993 నాటి కులధ్రువీకరణ చట్టం కింద జిల్లా స్థాయి కమిటీ విచారిస్తుంది. సర్టిఫికెట్ పోతే పదవీ పోతుంది, క్రిమినల్ కేసు అదనం. మీ వదినను బీసీ మహిళ వార్డు ఉంటే అక్కడ నిలబెట్టండి.

గోదారి గట్టు అక్క: మా ఊళ్లో దీనికి తిరగేసిన కథ. ఎస్సీ అమ్మాయి, భర్త ఓసీ. "నీకిక రిజర్వేషన్ ఎక్కడిది" అని ఒకటే గోల. ఆ అమ్మాయికి హక్కుంది కదా బాబాయ్?

బార్‌రూమ్ బాబాయ్: నిక్షేపంగా ఉందమ్మా. బొంబాయి హైకోర్టు ఫుల్‌బెంచ్ 2010లో అదే చెప్పింది. సర్టిఫికెట్‌లో తండ్రి పేరుండాలి. భర్త పేరుతో దరఖాస్తు పెట్టి చిక్కుల్లో పడేవాళ్లే ఎక్కువ.

పాలమూరు పోరడు: ఇంకోటి. అవతల పార్టీ అభ్యర్థి రాయచూర్ దిక్కు నుంచి వచ్చిన కోడలు. పుట్టుక ఎస్సీనే, గానీ కర్ణాటకల.

బార్‌రూమ్ బాబాయ్: అసలు పాయింటు ఇది, ముందే చెప్పాల్సింది! ఎస్సీ హోదా పుట్టిన రాష్ట్రంలోనే చెల్లుతుంది. పంజాబ్ నుంచి ఉత్తరాఖండ్‌కు కోడలిగా వెళ్లిన వాల్మీకి (ఆ రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీ కులమే) మహిళకు 2018లో సుప్రీంకోర్టు రిజర్వేషన్ కాదంది (రంజనా కుమారి కేసు). స్క్రూటినీ రోజు రిటర్నింగ్ అధికారికి రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకో.

పాలమూరు పోరడు: ఆయన ఒప్పుకోకపోతే హైకోర్టుకు పోవాల్నా?

బార్‌రూమ్ బాబాయ్: నోటిఫికేషన్ వచ్చాక రిట్ వేస్తే పంచాయతీ ఎన్నికల్లో కోర్టుల జోక్యాన్ని ఆపే రాజ్యాంగం 243-ఓ అధికరణ అడ్డం పడుతుంది. ఎన్నిక ముగిశాక ఎలక్షన్ పిటిషనే దారి. ఫలితం ప్రకటించిన 30 రోజుల్లోపు జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేయాలి. ఆ రసీదు అప్పుడు పనికొస్తుంది.

పాలమూరు పోరడు: సమజైంది బాబాయ్. వదినెకు చెప్పిన, మొఖం మాడ్చుకుంది. మా అమ్మనే నిలబెడ్తున్నం. అమ్మ పుట్టిల్లు నారాయణపేట దగ్గర. రేపు పొద్దుగాల్నే మా తాత కాగితాల కోసం పోతున్న.