ఒకటో తరగతి పిల్లలకు ఎలాంటి మౌస్, హెడ్‌ఫోన్లు మంచివి?

నమస్తే అండీ. మా బడిలో ఒకటి, రెండు తరగతుల పిల్లల కంప్యూటర్ గదికి మౌస్‌లు, హెడ్‌ఫోన్లు ఎంచే పని నాకు అప్పగించారు. ఇప్పుడున్నవన్నీ పెద్దవాళ్ల సైజువే. మౌస్ చేతిలో ఇమడక పిల్లలు ఒక చేత్తో కదిలించి, ఇంకో చేత్తో నొక్కుతున్నారు. బొమ్మను లాగి గడిలో పెట్టమంటే సగంలోనే వేలు జారిపోతుంది, పాపం ఏడుపు మొహం పెడతారు. చిన్న సైజు మౌస్ ఇస్తే కుదురుతుందా, లేక ఈ వయసుకు టచ్ స్క్రీనే నయమా? నాకైతే మౌస్ నేర్పాలనే ఉంది.

హెడ్‌ఫోన్ల దగ్గరే అసలు టెన్షన్. పిల్లలకు వారానికి 40 గంటలు వినేలా అయితే 75 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. పిల్లల హెడ్‌ఫోన్ల అట్టపెట్టెల మీద చాలావాటికి 85 అని ఉంటోంది. రోజుకు అరగంట వాడకానికి అది ఫరవాలేదా? ఆ లిమిట్ నిజంగా పనిచేస్తోందో లేదో బడిలోనే చూసుకునే మార్గం ఏమైనా ఉందా?

ఒకరి తర్వాత ఒకరు పెట్టుకునేవి కాబట్టి స్పాంజి మెత్తలు వద్దు, తుడవడానికి వీలైన రెగ్జిన్‌వి కావాలి. ఇప్పుడున్నవాటికి వైరు పిన్ను దగ్గరే తెగుతోంది. చిన్నపిల్లల క్లాసులో వాడి చూసినవాళ్లు ఎలాంటివి నిలిచాయో దయచేసి చెప్పండి.