అమ్మానాన్నలతో తెగతెంపులైన అమ్మాయికి అమెరికాలో కాలేజీ గ్రాంట్ వస్తుందా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా అక్క కూతురు అమెరికాలోనే పుట్టింది, ఇప్పుడు 19 ఏళ్ళు. వాళ్ళ నాన్న చెయ్యి చేసుకోవడం చిన్నప్పటి నుంచీ ఉంది. నిరుడు కట్టుబట్టలతో బయటికొచ్చేసి నా దగ్గర ఉంటోంది. అమ్మానాన్నలతో మాటల్లేవు, ఫోన్ నంబరు కూడా మార్చేసుకుంది. ఇప్పుడు కమ్యూనిటీ కాలేజీలో చేరదామంటే ఫాఫ్సా (ఫెడరల్ ప్రభుత్వ సాయానికి పెట్టుకునే దరఖాస్తు) ఫారంలో తల్లిదండ్రుల ఆదాయం, సంతకం అడుగుతోంది. వాళ్ళని అడిగే ప్రసక్తే లేదు. ఆ చోట నా పేరు, నా జీతం పెట్టొచ్చా? మా బావ మొన్న ట్యాక్స్‌లో కూడా దాన్ని డిపెండెంట్‌గా చూపించాడట. దానివల్ల గ్రాంట్ పోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

మీ జీతం మాత్రం రాయకండి. చట్టప్రకారం దత్తత తీసుకుంటే తప్ప పిన్ని, మేనమామ, అమ్మమ్మ ఎవరూ ఫాఫ్సా లెక్కలో తల్లిదండ్రులు కారు. అమ్మ తర్వాత అమ్మలా చూసుకుంటున్నారు కాబట్టి రాయాలనిపించడం సహజమే. కానీ రాస్తే దరఖాస్తు తప్పుల్లో పడుతుంది. ట్యాక్స్ గురించి కూడా బెంగ వద్దు. ఎవరు ఎవరిని డిపెండెంట్‌గా చూపించారన్న దాన్నిబట్టి ఫాఫ్సా నిర్ణయం ఉండదు.

అసలు ఇబ్బంది వయసుతో. 24 ఏళ్ళు నిండకుండా, పెళ్ళి కాకుండా, తను పోషించే పిల్లలు లేకుండా ఉంటే మామూలుగా డిపెండెంట్ (తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థి) అనే లెక్కేస్తారు. అయితే తల్లిదండ్రులను కలవలేని పరిస్థితి ఉందా, కలిస్తే ప్రమాదమా అని ఫారంలోనే ఒక ప్రశ్న ఉంటుంది. దానికి "అవును" అనాలి. 2024–25 నుంచి వచ్చిన పద్ధతి ప్రకారం, అలా చెప్పిన విద్యార్థిని తాత్కాలికంగా ఇండిపెండెంట్‌గా, అంటే తల్లిదండ్రుల ఆదాయం లెక్కలోకి రాని విద్యార్థిగా తీసుకుంటారు. తల్లిదండ్రుల వివరాలు లేకుండానే ఫారం పంపొచ్చు. ఆ తర్వాత కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు ఆధారాలు చూసి ఖాయం చేయాలి. ఫారం పంపేసి ఊరుకోకుండా ఆ ఆఫీసుకి మీరే వెంటనే ఫోన్ చేయండి.

ఒక్కటి బాగా గుర్తుపెట్టుకోండి. తల్లిదండ్రులు డబ్బివ్వనన్నారు, ఫారంలో వివరాలు ఇవ్వనన్నారు, పిల్ల తన ఖర్చు తనే చూసుకుంటోంది... ఈ కారణాలు విడిగా అయినా, అన్నీ కలిపినా చాలవని నిబంధన. కాబట్టి ఆ ఆఫీసుకి ఇచ్చే ఉత్తరంలో డబ్బు గొడవ ముందు పెట్టకండి. ఇంట్లో ఏం జరిగేది, ఎప్పుడు బయటికొచ్చింది, ఆఖరుసారి ఎప్పుడు మాట్లాడింది, తిరిగి వెళ్తే ఏమవుతుందని భయం, ఇవన్నీ ఆ అమ్మాయి తన మాటల్లో సూటిగా రాయాలి.

మళ్ళీ అడిగినవారు:

పోలీసు కంప్లైంట్ ఏదీ లేదండీ. పరువు పోతుందని అక్క ఎవరికీ చెప్పనివ్వలేదు. అక్క నాకు మాత్రం అప్పుడప్పుడు మెసేజ్ పెడుతుంది. అది కూడా సంబంధం ఉన్నట్టేనా?

జవాబు:

మీ అక్క మీతో మాట్లాడటం వేరు, కూతురితో మాట్లాడటం వేరు. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి, దాచొద్దు.

పోలీసు రిపోర్ట్ లేకపోయినా దారి మూసుకుపోదు. ఆఫీసు వాళ్ళు అమ్మాయితో మాట్లాడి ఆ వివరాలు రాసిపెట్టుకోవడం కూడా ఆధారమే. లాయరు, కౌంటీ సంక్షేమ శాఖ, ట్రియో (వెనకబడిన విద్యార్థులకి చదువులో తోడ్పడే ఫెడరల్ కార్యక్రమం) ప్రోగ్రాంలో పనిచేసేవాళ్ళు ఇచ్చే లేఖలు, విడిగా ఉంటున్నట్టు చూపే కరెంటు బిల్లు, ఇన్సూరెన్స్ కాగితాలు పనికొస్తాయి. హైస్కూల్ కౌన్సెలర్‌కో డాక్టర్‌కో సంగతి తెలిసుంటే వాళ్ళనీ అడగండి. మీరు కూడా రాయండి, కానీ బంధువు కాని మనిషి మాట తోడైతే బలం ఎక్కువ. మన వాళ్ళలో ఇంటి గుట్టు బయటపెట్టకూడదన్న పట్టుదల వల్ల సాయం అందాల్సిన పిల్లలే ఆగిపోతున్నారు. ఆ ఆఫీసులో చెప్పుకోవడం అమ్మాయి తప్పు కాదని మీరే ఆమెకి ధైర్యం చెప్పాలి.

ఇంకొకరి జవాబు:

ఇంకో ప్రశ్న కూడా చూడండి. నిలువ నీడ లేక ఒంటరిగా తిరుగుతున్న పిల్లలకి ఫారంలో విడిగా చోటుంది. రోడ్డు మీద ఉంటేనే అని కాదు, గత్యంతరం లేక తాత్కాలికంగా ఎవరింట్లోనో తలదాచుకున్నా వర్తించవచ్చు. మీ ఇంట్లో ఉండటం ఏ లెక్కలోకి వస్తుందో ఆఫీసులో అడగండి.

డబ్బు సంగతి: 2025–26కి పెల్ గ్రాంట్ (ఆదాయం తక్కువున్న విద్యార్థులకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే సాయం) గరిష్ఠంగా 7,395 డాలర్లు, తిరిగి కట్టక్కర్లేదు. ఇండిపెండెంట్ అని ఒప్పుకోకపోతే తల్లిదండ్రుల వివరాలు లేకుండా దొరికేది వడ్డీ రాయితీ లేని ఫెడరల్ లోన్ ఒక్కటే, మొదటి ఏడాది 5,500 డాలర్ల దాకా. ఒప్పుకుంటే ఆ లోన్ పరిమితి కూడా 9,500 అవుతుంది. ఇదంతా ముఖ్యంగా పౌరులకి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి. హెచ్-4 (ఉద్యోగ వీసా ఉన్నవాళ్ళ కుటుంబానికిచ్చేది), ఎఫ్-1 (విద్యార్థి) వీసాల మీద ఉన్న పిల్లలకి ఫెడరల్ సాయం రాదు.

ప్రతి కాలేజీ విడిగా నిర్ణయిస్తుంది, ఆ నిర్ణయం మీద విద్యాశాఖకి అప్పీలు ఉండదు. అందుకే రెండు మూడు కాలేజీలకి పంపడం మంచిది. ఒకసారి ఒప్పుకున్న కాలేజీలోనే కొనసాగితే, పరిస్థితి మారనంత వరకు తర్వాతి ఏడాదులకీ అదే వర్తిస్తుంది.

ఫాఫ్సా నింపే స్టూడెంట్ ఎయిడ్ ఖాతాలో పాత ఇంటి చిరునామా, ఇంట్లోవాళ్ళకి పాస్‌వర్డ్ తెలిసిన ఈమెయిల్ ఉంటే ఈరోజే మార్పించండి. లేకపోతే ఉత్తరాలు నేరుగా వాళ్ళ నాన్న చేతికే వెళ్తాయి.