ఎల్క్‌కీ జింకకీ ఒకటే బుల్లెట్: 30-06లో ఏది తీసుకోవాలి?

పాలమూరు_పోరడు:

అన్నలూ, అక్కలూ, డెన్వర్ దగ్గర ఉంటాను. మూడేళ్లుగా ఆఫీసులో ఒక అమెరికన్ సీనియర్‌తో వేటకి వెళ్లి కూలి పని చేసొస్తున్నా. మాంసం మోయడం, టెంట్ కట్టడం, తెల్లారి నాలుగింటికి కాఫీ కాయడం, ఇవీ నా డ్యూటీలు. ఈ ఏడాది నా పేరున ఎల్క్ (ఇక్కడి భారీ జింక) ట్యాగ్, మ్యూల్ డీర్ (మామూలు సైజు జింక) ట్యాగ్ రెండూ వచ్చాయి, అంటే తలా ఒకదాన్ని వేటాడే పర్మిట్. ఆయన వాడకుండా పక్కన పెట్టిన 30-06 (అది పట్టే తూటా సైజు పేరు) బోల్ట్ రైఫిల్‌ని షాపులో బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించి నా పేరుకి మార్చుకున్నా. అంతవరకు బానే ఉంది.

ఇప్పుడు చిక్కంతా తూటాల దగ్గర వచ్చింది. షాపులో ఒక అర మొత్తం 30-06 బాక్సులే. 150 గ్రెయిన్లు (బుల్లెట్ బరువు, పదిహేను గ్రెయిన్లు దాదాపు ఒక గ్రాము), 165, 168, 178, 180. మళ్లీ వాటిలో సీసం, రాగి, బాండెడ్ (సీసాన్ని పై తొడుగుకి అతికించినవి), పార్టిషన్, కొసకి రంగు ప్లాస్టిక్ ముక్క ఉన్నవి, లేనివి. ఏది మంచిదని అడిగితే "అన్నీ మంచివే సార్" టైపులో చెప్పాడు, చిన్నప్పుడు అమ్మతో చీరల షాపుకి వెళ్తే వినపడే మాట.

మగ ఎల్క్ 300 కిలోలు దాటుతుంది, మ్యూల్ డీర్ 90 కిలోలు ఉంటే పెద్దదే. దీనికొకటి దానికొకటి కొని, మార్చిన ప్రతిసారీ స్కోప్ సరిచేసుకునే ఓపిక నాకు లేదు. ఒకటే రకం తీసుకుని దానితోనే బాగా ప్రాక్టీస్ చేద్దామని ఉంది. 300 గజాలు దాటితే కాల్చను, అంత నమ్మకం నా మీద నాకే లేదు. ఇంకోటి, మాంసం ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు తింటారు. మీరైతే ఏది తీసుకుంటారు?

మోంటానా_నల్లమల:

తమ్ముడూ, ముందు ఒకటి తేల్చుకుందాం. బాక్సులో ఉండేది తూటా. దాని కొసనుండి ఊడి జంతువులోకి పోయేది బుల్లెట్. ఇత్తడి గొట్టం, మందు, అవన్నీ దాన్ని అక్కడిదాకా మోసుకెళ్లేవే, నువ్వు ఎంచుకోవాల్సింది ఆ కొసని.

మామూలు బుల్లెట్‌లో లోపల సీసం, పైన పల్చటి రాగి తొడుగు. తగలగానే పుట్టగొడుగులా విచ్చుకోవాలి, విచ్చుకున్నాక కూడా లోపలికి పోతూనే ఉండాలి. ఈ రెండింటికీ పడదు. మరీ విచ్చుకుంటే పైపైనే ఆగిపోతుంది, అసలు విచ్చుకోకపోతే సూది గుచ్చినట్టు అవతలికి పోతుంది, జంతువు కొండలు దాటి ఎక్కడో చస్తుంది. ఆ అరలో నువ్వు చూసిన బాక్సులన్నీ ఈ బేరాన్ని తలా ఒక రకంగా కుదుర్చుకున్నవే.

కొత్తవాళ్లందరికీ దూరం అంటే టెన్షన్, నాకు మాత్రం దగ్గర అంటే భయం. 180 గ్రెయిన్ల బుల్లెట్ 30-06 నుంచి సెకనుకు దాదాపు 2700 అడుగుల వేగంతో బయల్దేరుతుంది, 300 గజాల దగ్గరికి వచ్చేసరికి 2100కి అటూ ఇటూ ఉంటుంది. చాలా బుల్లెట్లు విచ్చుకోవడానికి 1800 చాలు, కాబట్టి నువ్వు పెట్టుకున్న హద్దులో ఏదైనా విచ్చుకుంటుంది. అదే 40 గజాల్లో పొదలోంచి ఎల్క్ లేచిందనుకో, బుల్లెట్ ఇంకా పూర్తి వేగం మీద ఉంటుంది, ఎదురుగా జబ్బ ఎముక. మెత్తటి బుల్లెట్ అక్కడే ముక్కలైపోతుంది.

ఇది చదివి చెప్తున్నది కాదు. పద్దెనిమిదేళ్ల కిందట నేను మ్యాగ్నమ్ రైఫిల్లో జింకలకి వాడే మెత్తటి బుల్లెట్ పెట్టుకుని, సరిగ్గా అంతే దూరంలో ఒక ఆడ ఎల్క్ జబ్బ మీద కొట్టా. కుప్పకూలింది, లేచింది, మూడు కాళ్ల మీద దేవదారు చెట్ల మధ్యకి పోయింది. చీకటి పడేదాకా నెత్తుటి చారలు వెతికా, రాత్రి మంచు కురిసి అవీ కప్పేసింది. మర్నాడు మధ్యాహ్నం కాకులు అరిచిన చోట దొరికింది, మాంసం పనికి రాలేదు. జబ్బ బయటివైపు నా అరచేయంత గుంట, లోపల ఊపిరితిత్తి దాకా పోయిన ముక్కలు రెండో మూడో. ఆ ఏడాది ట్యాగ్ దానికే కట్టి, ఇంటికి ఖాళీగా వచ్చా.

పార్టిషన్ బుల్లెట్ పుట్టిందే ఇలాంటి బాధతో. 1946లో బ్రిటిష్ కొలంబియాలో జాన్ నోస్లర్ అనే వేటగాడు దుక్కలాంటి మూస్‌ని (ఎల్క్ కంటే పెద్ద జింక) కొడితే బుల్లెట్ లోతుకి పోలేదు. ఆయన మధ్యలో రాగి అడ్డుగోడ ఉన్న బుల్లెట్ తయారుచేశాడు. ముందర సగం విచ్చుకుని అరిగిపోతుంది, గోడ వెనక సగం అలాగే తోసుకుంటూ పోతుంది. 1948 నుంచి అమ్ముతున్నారు, ఇప్పటికీ దాన్ని తప్పుపట్టినవాణ్ణి నేను చూడలేదు. బరువులో మూడోవంతు పోగొట్టుకుంటుంది, అది దాని స్వభావం.

నా మాట: నీ ట్యాగుల్లో పెద్ద జంతువు, దగ్గరి దూరం, చెడ్డ కోణం, ఈ మూడూ ఒకేసారి వచ్చాయనుకుని దానికి సరిపోయేది కొను. ఎల్క్ జబ్బని దాటేది జింకనీ పడేస్తుంది. 180 పార్టిషన్ తీసుకుని ఈ తలనొప్పి వదిలించుకో.

టెక్సాస్_తాత్కాలికం:

మోంటానా అన్నతో కాస్త పేచీ. అన్న కొట్టింది మ్యాగ్నమ్‌తో, తమ్ముడి దగ్గరున్నది 30-06, వేగం తక్కువ. 30-06లో మామూలు 180 కోర్-లాక్ట్ (రెమింగ్టన్ వాళ్ల మామూలు సీసం బుల్లెట్) 1939 నుంచి ఉంది, దానితో ఈ దేశంలో ఎన్ని ఎల్క్‌లు పడ్డాయో లెక్కే లేదు. నేను పన్నెండేళ్లుగా ఇక్కడ వైట్‌టెయిల్ జింకలకీ అడవి పందులకీ అదే వాడుతున్నా. ఖరీదు తక్కువ కాబట్టి రేంజ్‌లో ఎక్కువ కాలుస్తా, ఎక్కువ కాలిస్తే చెయ్యి కుదురుతుంది. 60 డాలర్ల బాక్సు కొని ఆరు రౌండ్లు కాల్చి వేటకి వెళ్లేవాడికంటే, చవక బాక్సులు అయిదు ఖాళీ చేసినవాడి పక్కన నిలబడతాను.

ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటా, పందులు ఎల్క్‌లు కావు. 200 గజాల లోపు పక్క నుంచి ఊపిరితిత్తుల మీద కొడతానని ఒట్టు పెట్టుకుంటే మామూలుదైనా చాలు. కోణం బాలేకపోతే కాల్చకు, అంతే.

ఇంకో ముఖ్యమైన విషయం, ఇది చదివే మిగతా వాళ్లకి. హెచ్1బి మీద ఉన్నవాళ్లు ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ కాదు కదా తూటా కూడా దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. ఫ్రెండు సరదాగా రేంజ్‌కి రమ్మన్నాడని వెళ్లి చేతిలోకి తీసుకునేముందు లైసెన్సు జేబులో ఉండాలి, అనుమానం ఉంటే లాయర్ని అడగండి. గ్రీన్‌కార్డ్ పోగొట్టుకునే సరదా మనకొద్దు.

గోదారి_గాలి:

అడవిలో ప్రశాంతంగా మేసేదాన్ని చంపడానికి ఇంత చర్చా? మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది ఇందుకే కదా.

పాలమూరు_పోరడు:

మీ బాధ అర్థమైందండీ. మన దగ్గర నేనూ వేటాడను, ఆ చట్టం ఉండాల్సిందే. ఇక్కడ ఏ ప్రాంతంలో ఎన్ని ట్యాగులు ఇవ్వాలో మందని లెక్కగట్టి నిర్ణయిస్తారు, లైసెన్సు డబ్బు మళ్లీ ఆ అడవులకే పోతుంది. చంపేటప్పుడు బాధపడకుండా చావాలనే ఈ చర్చ.

శాక్రమెంటో_సిక్కోలు:

తమ్ముడూ, పిల్లలు తింటారన్నావు కదా, ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు, కాబట్టి నేను పట్టుకుంటున్నా.

మా కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకి సీసం వాడకూడదు. చచ్చిన జంతువుల పేగులు తిని, వాటిలోని సీసం ముక్కలతో కాండర్ రాబందులు చస్తున్నాయని తెచ్చిన చట్టం. 1982లో ప్రపంచం మొత్తం మీద అవి 22 మిగిలాయి. మొదట్లో నేనూ తిట్టుకున్నా, రాగి బుల్లెట్లు కొనడానికి నా ఆయన ముందు లెక్క చెప్పుకోవాల్సొచ్చింది. తర్వాత మనసు మారింది, దానికి కారణం రాబందులు కాదు, కీమా. పాత పంది మాంసం ఫ్రీజర్లోంచి తీసి ఖైమా కొడుతుంటే, వేళ్లకి ఆవగింజకంటే చిన్నది, బూడిద రంగుది తగిలింది. గోరుతో నొక్కితే వంగింది. గాయానికి జానెడు అవతల కోసిన ముక్క అది. సీసం బుల్లెట్ అంత దూరం చిమ్ముతుందని అప్పుడు తెలిసింది. 2008లో నార్త్ డకోటాలో పేదలకి పంచే జింక మాంసాన్ని స్కాన్ చేసి సీసం కనపడితే పారేయమన్నారు.

రాగి బుల్లెట్ మొత్తం ఒకటే లోహం, ముక్కు నాలుగు రేకులుగా విచ్చుకుంటుంది, బరువు దాదాపు పోదు. మోంటానా అన్న భయపడ్డ జబ్బ ఎముక దానికి లెక్క కాదు. రాగి సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువుకి బుల్లెట్ పొడుగవుతుంది, అందుకే 180 బదులు 165, 168 తీసుకోవచ్చు, భుజానికి తగిలే దెబ్బా తగ్గుతుంది. దీని బలహీనత దూరంలో ఉంది, వేగం 2000 లోపుకి పడిపోతే సరిగ్గా విచ్చుకోదు. 300లో ఆగిపోతానన్నావు, చాలు. సీసం కాల్చిన బారెల్‌ని బాగా తోమాకే దీన్ని కాల్చు, లేకపోతే గురి చెదిరి బుల్లెట్‌ని తిడతావు.

మోంటానా_నల్లమల:

అమ్మాయి చెప్పింది నిజం. నా పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయారు, అందుకే నాకు తట్టలేదు. అయినా ఏ బుల్లెట్ మంచిదో ఆఖరి మాట నీ బారెల్‌ది. రెండు మూడు రకాలు తలా ఒక బాక్సు కొని కాగితం మీద కాల్చి చూడు. కొలరాడో రూల్ బుక్ కూడా చూసుకో, ఎల్క్‌కి విచ్చుకునే బుల్లెట్టే ఉండాలి, 85 గ్రెయిన్లకి తగ్గకూడదు. మిలిటరీ తూటాలు పనికిరావు.

పాలమూరు_పోరడు:

ఆలస్యానికి సారీ. ఏం జరిగిందో రాస్తున్నా.

మూడు రకాలు కొన్నా: 180 పార్టిషన్, 165 బాండెడ్, 168 రాగి. 100 గజాల దగ్గర మూడేసి రౌండ్లు, ప్రతి రకానికీ ముందు బారెల్ తోమి. పార్టిషన్ రెండంగుళాల్లో పడింది. బాండెడ్ మీద నాకు ఆశ ఎక్కువ, అది దాదాపు మూడంగుళాలు చెదిరింది. రాగివి మూడూ రూపాయి బిళ్ల కింద దాచేయొచ్చు. నాకు ముచ్చటేసి మళ్లీ కాల్చా, మళ్లీ అంతే. 200 గజాలకి జీరో చేస్తే, అంటే స్కోప్ గురి అక్కడ సరిగ్గా తగిలేలా పెడితే, 300 దగ్గర ఎనిమిదంగుళాల చిల్లర కిందకి పడుతోంది, అది రైఫిల్ బట్ (భుజానికి ఆనించే భాగం) మీద టేపు అంటించి రాసుకున్నా. టెక్సాస్ అన్న మాట విని సీజన్ లోపు మూడు బాక్సులు ఖాళీ చేశా, ఇంట్లో ఆ బిల్లు గురించి ఇంకా మాట్లాడుకోవడం లేదు.

మ్యూల్ డీర్ 140 గజాలు, పక్క నుంచి ఊపిరితిత్తులు. బుల్లెట్ అవతలికి పోయింది, అది యాభై గజాలు పరుగెత్తి పడింది. జింకకి ఇది మరీ గట్టిదేమో అని భయపడ్డా, నెత్తుటి చార మాత్రం గుడ్డివాడు కూడా పట్టుకునేంత ఉంది. ఎల్క్ 210 గజాలు. పక్కకి తిరుగుతుందని ఆగా, తిరిగింది, సరిగ్గా ట్రిగ్గర్ నొక్కేటప్పుడు ఒక అడుగు వేసింది. జబ్బ ఎముక విరిగింది. పది అడుగుల్లో కూలింది. తోలు తీసేటప్పుడు అవతలి పక్క చర్మం కింద బుల్లెట్ దొరికింది, నాలుగు రేకులూ ఉన్నాయి. మా ఆవిడ బంగారం తూచుకునే చిన్న కాటా మీద పెడితే 10.7 గ్రాములు చూపించింది. కొత్తది 10.9. మోంటానా అన్నా, ఆ జబ్బ దగ్గర నాకు మీ ఆడ ఎల్క్ గుర్తొచ్చింది.

కీమా ఫ్రీజర్లో ఉంది, కొవ్వు అసలు లేదు, ఉల్లిపాయలు రెట్టింపు వేసి నూనె కాస్త ఎక్కువ పోస్తే గాని గుంజుకుపోతోంది.

టెక్సాస్_తాత్కాలికం:

కంగ్రాట్స్. సంక్రాంతికి ఇండియా వెళ్తుంటే వేటకి తీసుకెళ్లిన బ్యాగు, జాకెట్ తీసుకెళ్లకు. శంషాబాద్‌లో ఒక్క తూటా బయటపడినా ఆయుధాల చట్టం కింద కేసు, పండగంతా పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలి.

పాలమూరు_పోరడు:

ఇది చదివి లేచి వెళ్లి చూశా. బ్యాగు ఖాళీనే. జాకెట్ లోపలి జేబులో, చాక్లెట్ కాగితం కింద, ఒకటి ఉంది.