శాంతి సైనికుడు ఎవరి వైపు ఉంటాడు?

మా తమ్ముడు ఆర్మీలో ఉన్నాడు, ఐక్యరాజ్యసమితి తరఫున దక్షిణ సూడాన్ వెళ్తున్నాడు. గుంటూరులో అమ్మకి ఒకటే టెన్షన్, వీడు ఎవరితో యుద్ధం చేయాలిరా అని పొద్దస్తమానం అడుగుతోంది. ఎవరి వైపూ కాకపోతే చేతిలో తుపాకీ ఎందుకు? తెలిసినవాళ్ళు చెప్పండి.

— బెజవాడ నుంచి: ఎవరితోనూ యుద్ధం కాదు తమ్ముడూ. శాంతి సైనికులు రావడానికి గొడవపడే పక్షాలు ఒప్పుకోవాలి, వీళ్ళు ఎవరి కొమ్ము కాయకూడదు, ఆత్మరక్షణకీ అప్పగించిన పని కాపాడుకోవడానికీ తప్ప తుపాకీ పేల్చకూడదు, ఈ మూడూ మూలసూత్రాలు. అందుకే తెల్ల బండి, నీలి హెల్మెట్, దూరం నుంచే కనపడాలి. మామూలు సైనికుడు దాక్కుంటాడు, వీళ్ళు కనపడుతూ నిలబడాలి, అదే కష్టం.

— ప్రమాదమే లేదని మాత్రం అమ్మకి చెప్పకండి. 1961లో కాంగోలో కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా ఈ విధుల్లోనే ప్రాణాలిచ్చారు, పరమవీర చక్ర వచ్చింది.

— 2007లో మన దేశం లైబీరియాకి అందరూ మహిళలే ఉన్న పోలీసు దళాన్ని పంపింది, ఐక్యరాజ్యసమితిలో అదే మొదటిది. రాత్రిపూట వీధుల్లో గస్తీ తిరిగేవాళ్ళు. అమ్మకి ఇది చెప్పండి అన్నా, నాకైతే భలే గర్వంగా ఉంటుంది.

— థాంక్స్ అందరికీ. రాత్రి అమ్మని కూర్చోబెట్టి ఇవన్నీ చదివి వినిపిస్తా.